మడకశిర కోడలు చదివిన నా నవల

నేను బతుకంతా కన్నడ పాఠాలు చెప్పిన మేష్ట్రుని, తెలుగులో నవలలు రాసేవాణ్ని. ఈ మాట విన్నోళ్లు నా మొగం వింతగా చూస్తారు. కర్ణాటకలో ఉండే మా పావగడ తాలూకా సంగతి తెలిస్తే చూడరు. ఈడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పొద్దస్తమానం తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం ఎదురైతే దారిచ్చి పక్కకు జరుగుతారు. నేనంటే హిందూపురంలో మా మేనమామ ఇంట్లో ఉండి నేర్చుకున్నా. కన్నడ చదివినోడు కొంచెం కండ్లు చికిలించుకుంటే తెలుగు సగమన్నా చదవగలడు, నిజమే. కానీ నా నవల కోసరం మా ఊర్లో ఎవురూ కండ్లు చికిలించరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదనే నాలుగు నవలలు రాసినా.

అనంతపురం సభల్లో నన్ను పిలిచి శాలువా కప్పి, మీ పాత్రలు ప్రాణంతో ఉంటాయండీ అనేవాళ్లు. ఉండవా మరి? అందరూ మా వీధిలోనే తిరగతా ఉండారు. అంగడామె నోరు, గొర్రెలాయన కునుకు, ఎవురి గుట్టు వాళ్ల గుమ్మంలోంచే ఎత్తుకొచ్చి రాసినా. పేర్లు మార్చినానంతే.

నాలుగో నవల సోలార్ మీద. మా ఊరు సోలార్ పార్కు పెట్టిన తిరుమణికి ఆనుకోనే ఉండాది. శెనక్కాయ చేన్లున్న చోట ఇప్పుడు కనుచూపు మేరా సోలార్ పలకలే. ఆ నవల్లో ఇద్దరు అన్నదమ్ములు. అన్న ఎగబడి భూమిని సోలార్‌కు రాసిస్తాడు, తమ్ముడు వద్దు వద్దని మొత్తుకుంటాడు.

జరిగింది మాత్రం తలకిందులు. ఊర్లో మొట్టమొదట సంతకం పెట్టింది నేను. నెల తిరిగితే జీతం తీసుకునేవాణ్ని, నాకేం పోయింది? మా అన్న ఒప్పుకోలేదు. ఆయన బడి మాని చేన్లో దిగినందుకే నేను చదువుకొని మేష్ట్రునైనా. అట్లాంటి మనిషి ముందర దినామూ పోయి కూర్చొని, బోరుబావులు ఎండిపోయిన కథ చెప్పి చెప్పి ఒప్పించినా. ఆయన సంతకం పెట్టి, పెన్ను నా చేతికిస్తా ఒకటే అడిగినాడు.

"రేపట్నుంచి పొద్దున్నే లేచి నేను యాడికి పోవల్లరా?"

నేను పెన్ను జేబులో పెట్టుకొని ఇంటికొచ్చినా. వచ్చి నవల రాసినా. రాసి, తప్పంతా ఆయన మీదికి తోసినా. సిగ్గు లేదా అంటే ఉండాది, రాసేటప్పుడు పక్కన పెట్టినా. పైగా ఆ పుస్తకం మీద నా చేవ్రాలు చేసి ఆయనకే ఇచ్చినా. ఆయన దాన్ని దేవుని పటాల పక్కన పెట్టి, పండగొస్తే పసుపు కుంకుమ పెట్టేటోడు.

ఇట్లుండగా అన్న కొడుక్కి సరిహద్దు అవతల, ఆంధ్రాలో మడకశిర పక్క నుంచి పిల్లను తెచ్చినారు. పెండ్లిచూపులకు నేనూ పోయి మైసూర్‌పాక్ తిని, పిల్ల లక్షణంగా ఉండాదని చెప్పి వచ్చినా. ఆ పిల్ల తెలుగు మీడియంలో డిగ్రీ చదివిందని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. నా తెలివి అంత. వచ్చిన పది దినాలకే పసుపు దులిపి పుస్తకం బయటికి తీసిందా పాప. మధ్యాన్నం అన్నాలైనాక ఇంటి ముందర అరుగు, మా జగిలి మీద కూర్చొని మామకు చదివి వినిపిచ్చడం మొదలుపెట్టింది. రెండోనాటికి వీధి వీధంతా ఆడనే.

నేను పావగడలో లేని పనులు కల్పించుకొని పారిపోయినా. సాయంత్రం బస్సు దిగితే చాలు, పాత్రలు కాచుకొని ఉండేవి. అంగడామె నిలేసింది, నా నోరు గురించి అంత రాస్తివే, నా ముక్కుపుడక కనపళ్లేదా అని. గొర్రెలాయన కునుకు సంగతికి ఏమీ అనుకోలేదు, తనకు మూడే పేజీలు ఇచ్చినానని ఆయన బాధ. ఇంత సులభంగా పోతుందని తెలిసింటే ఇంకా రాసుంటినే అనిపించింది.

నవల్లో అన్న పొద్దున్నే సోలార్ కంచె కాడికి పోయి, పలకలు కడిగేవాళ్లకు మీకు కడగను రాదప్పా అని పాఠం చెప్పే ఘట్టమొకటుండాది. అది నిజంగా ఆయన దినామూ చేసే పనే. అది విని మా అన్న నడుం పట్టుకోని నవ్వినాడని, మళ్లా చదివించుకున్నాడని నా భార్య వచ్చి చెప్పింది.  దాని తర్వాతదే, కథ వెనక్కుపోయి చెప్పే సంతకం అధ్యాయం. అది వింటే మా అన్న నాతో మాట్లాడేది మానేస్తాడు. అమ్మా నాయినా పోయినాక నాకుండేది ఆయనొక్కడే.

తెల్లారి ఎవురూ లేనప్పుడు పోయి ఆ పాపను బతిమలాడినా, ఆ అధ్యాయం దాటేయమ్మా అని. కోడలు నన్ను పైకీ కిందికీ చూసి, రాసినోళ్లే వద్దంటే నాదేముండాది చిన్నమామా అనింది. ఆ మధ్యాన్నం నేనే పోయి అన్న పక్కన కూర్చున్నా.

పాప మాటిచ్చినట్టే పేజీలు మడిచి తిప్పింది. మా అన్నకు తెలుగు చదవను రాదు గానీ కండ్లు బాగా కనపడతాయి.

"ఏం తల్లీ, ఒకేసారి అన్ని తిప్పితివి? దండిగా విడిచిపెట్టినావు. వెనక్కు రా."

పాప నా తట్టు చూసింది. నేను చెప్పుల తట్టు చూసినా. చదివింది. అన్న ఎగబడి పోయేది, తమ్ముడు కాళ్లు పట్టుకొని ఆపేది, అన్న విదిలించి సంతకం గీకేది, అంతా చదివింది.  ఆడుండేవాళ్లందరికీ తెలుసు, కాగితాలు పట్టుకొని దినామూ అన్న ఇంటికి తిరిగింది ఎవురో. గొర్రెలాయన గొంతు సవరించుకొని, అదేందప్పా, ఆ పొద్దు మేష్ట్రే గదా అని ఎత్తుకున్నాడు.

"నేనే పెట్టినా ముందు," అన్నాడు మా అన్న. "పుస్తకంలో అబద్ధం రాస్తాడా వాడు?"

 ఎగతాళేమో అని అన్న మొగం చూసినా. కాదు. అన్నా, అది అట్ల కాదు అని నోరు తెరిచినా. వినపడనట్టే కోడలి తట్టు తిరిగినాడు.

"చదువు తల్లీ. తమ్ముడు ఏం చేసినాడో వినాల."

ఆ తర్వాతంతా తమ్ముని మంచితనమే. చేన్లో పడి ఏడుస్తాడు, తువ్వాల్లో మట్టి మూట కట్టుకుంటాడు, అన్నకు నీతి చెప్తాడు. అనంతపురంలో చప్పట్లు కొట్టింది ఈ పేజీలకే. కోడలు గొంతు బాగుంటుంది, ఒక్కొక్క మాటా విడదీసి చదివింది. ఆరు పేజీలు. ఒక్కటీ విడిచిపెట్టనీకుండా చివరిదాకా చదివించుకున్నాడు మా అన్న, నా భుజం మీద చెయ్యేసుకోని.