పట్టు ఇడువని మా పీటీ సారు

ఈసారి ఎల్లో కార్డు పడలేదని చెప్దామని మ్యాచ్ అయిపోంగనే మా పీటీ సారుకు ఫోన్ చేసిన. ఆయన బిడ్డ ఎత్తింది. "దవాఖానకు తీస్కపోయేలోపే అబ్బా పోయిండన్నా. రేపు పొద్దుగాల మట్టి. జల్ది రా" అన్నది. ఇప్పుతున్న బూట్లు మల్ల కట్టుకున్న. ఏడుపు కన్న ముందు కోపమొచ్చింది. ఇంత కష్టపడి నేర్చుకున్నది ఇగ ఎవ్వలికి చెప్పాలె?

మీకు చెప్తే నవ్వుతరు. రగ్బీ ఆడి జీతం తీసుకునే నాకు ఆట నేర్పింది కబడ్డీ సారు. శంషాబాద్‌ల మా బడికి ఎవరో ఆ కోడిగుడ్డసొంటి బంతులు ఇచ్చిపోతే, "పట్టుడే గదా, ఇది గూడ కబడ్డీయే" అని మమ్మల్ని దించిండు. ఆయనకు తెలిసిన రూల్ ఒక్కటే: "పట్టినవా? ఇగ పానం పోయినా ఇడువకు." ఎయిర్‌పోర్టు పక్కనే గదా, మీదికెల్లి ఇమానం పోతుంటే మాట ఇనవడదు, వేలు గాల్ల వెట్టి ఆగేటోడు. చప్పుడు పోయినంక, ఆపిన మాట కాడికెల్లే మల్ల తిట్టుడు షురూ. ఒక్క తిట్టన్న మర్చిపోతే ఒట్టు, ఏం మనిషో!

ఆ పట్టు చూసే టీమోల్లు నన్ను తీస్కున్నరు, నిజమే. కాని రగ్బీల మనిషిని కింద పడేసినంక వెంటనే ఇడువాలె. నా చెయ్యి ఇడువది. మొదటి మ్యాచ్‌ల ఎల్లో కార్డు, పది నిమిషాలు బయట కూసున్న. రెండోదాంట్ల గదే కథ. "ఇంకొక్కటి పడితే ఇంటికి పో" అని కోచ్ మొహమ్మీదనే చెప్పిండు. సెలవుకు ఇంటికొచ్చి సారు మీదికి లేసిన.

"మీ వల్లనే సారూ, నా కొలువు పోయేటట్టుంది!"

"పట్టి ఇడిసిపెట్టుడేందిరా? గదేం ఆట?"

"రూల్ సారూ!"

"రూల్ రాసినోనికి కబడ్డీ రాదు."

నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది.

తెల్లారి ఆయనే వచ్చిండు. పాత స్కూటర్, మోకాల్లకు పట్టీలు, సంకల బంతి. "నేను ఉరుకుత, పట్టు" అన్నడు. అరవై దాటిన మనిషిని నేను కింద పడెయ్యాలె! వద్దు సారూ అంటే ఇనడు. మెల్లగ పడేస్తే "అన్నం తినలేదా?" అని తిట్టుడు. పడంగనే "ఇడువురా!" అని అరిచే పని ఆయనదే. ఒక్కనాడన్న టైముకు అరవలె. ఆయనకే మనసొప్పకపాయె. అయినా పదిహేను రోజులు నా కోసం మట్టిల పొర్లిండు. బిడ్డ కోపానికొస్తే "వాని కొలువు పోతదమ్మా" అన్నడంట. నా ముందర మాత్రం ఒక్క మంచిమాట అనలె. నేను గూడ షుక్రియా అనలె. మొండి సారుకు మొండి శిష్యుడు.

మూడో మ్యాచ్‌ల పట్టిన, పడేసిన, ఇడిసిన. కార్డు పడలె. కొలువు నిలిచింది. గది చెప్పెతందుకే నేను సారుకు ఫోన్ చేసింది.

తెల్లారి పహాడీ షరీఫ్ ఖబ్రస్తాన్‌ల ఒక్కొక్కలు మట్టి ఏస్తున్నరు. నా వంతొచ్చింది. పిడికిట్ల మట్టి పట్టుకున్న. చెయ్యి తెరుచుకోలె. ఎనుక నిలబడ్డ ఒక ముసలి చాచా "వెయ్యి బేటా" అన్నడు. గప్పుడే మీదికెల్లి ఇమానం పోయింది. దాని చప్పుడు పోయేదాక పిడికిలి పట్టుకొని గట్లనే నిలబడ్డ, సారు ఆపిన మాట కాడికెల్లి మల్ల షురూ చేస్తడని.