రెండు బెంచీల మాట

మొన్న ఆదివారం అనంతపురంలో నాకు కప్పిన శాలువాను మడత కూడా విప్పకుండా అలమర పైఅరలో పడేశాను. నేత ఇంట్లో యాభై ఏళ్లు బతికిన మనిషికి అది ఏ బట్టో ఎవరూ చెప్పక్కర్లేదు, భుజం మీద పడగానే తెలిసిపోయింది, పవర్‌లూమ్ సరుకు, జరీ అని మెరుస్తున్నదంతా ప్లాస్టిక్. మా మరిది పేరు మీద సభ పెట్టి, ధర్మవరం మగ్గాల బిడ్డ అని గంటసేపు పొగిడి, చివరికి ఆయన వదినకు కప్పడానికి ఒక్క చేనేత గుడ్డ దొరకలేదు ఆ మహానుభావులకు. ఈ వయసులో కోపం ఆరోగ్యానికి మంచిది కాదని మా కోడలు అంటుంది. నా కోపం వయసు యాభైకి దగ్గర పడింది, దాని ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు, నాదే అంతంత మాత్రం.

సభకు ముందు ఒక కరపత్రం అచ్చేశారు. మా మరిది గిటారుకు కాళ్లు ఇచ్చిన మహనీయుడట, ఆ వాద్యం ఆయనకు కలలో కనబడిందట, తెల్లారి లేచి దాన్ని చెక్కతో చేసేశాడట, ఇంటిల్లిపాదీ ఆయన వెన్ను తట్టారట, తల్లిలాంటి వదిన అన్నం ముద్దలు కలిపి పెట్టి ప్రోత్సహించిందట. ముద్దలు కలిపి పెట్టానట! ఆ రోజుల్లో ఆయన ముందు కంచం పెట్టానంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు, అబద్ధాలలో నన్ను దేవతను చేశారు కాబట్టి నేను నోరు మూసుకుని నమస్కారం పెట్టాలని వాళ్ల లెక్క.

డెబ్బైల మొదట్లో నేను పామిడి నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చాను. ఇంట్లో అత్త, నా భర్త, ఆయన తమ్ముడు. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు, ఒకటి నా భర్తది, ఇంకొకటి మరిదిది. మీలో నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ చిన్నవాళ్ల కోసం ఒక్క మాట, మగ్గం కింద నేలలో నడుము లోతు గుంత ఉంటుంది, నేసే మనిషి గుంత అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడదీసి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలు ఒకదాని తరువాత ఒకటి తొక్కుతాడు. ఒక చెక్క తొక్కితే పడుగులో, అంటే మగ్గానికి నిలువునా బిగించిన పోగులలో, సగం దారాలు లేస్తాయి, మిగతా సగం కదలవు, ఆ సందులోంచి అడ్డపోగును మోసే నాడె ఇటు నుంచి అటు పోతుంది. ఆడవాళ్లం నాడెలో పెట్టే దారం కండెలు చుట్టేవాళ్లం, తెగిన పోగులు అతికేవాళ్లం, పట్టు ఎండిపోకుండా తడిగుడ్డలు కట్టేవాళ్లం, మగ్గం మీద మాత్రం మగవాళ్లు కూర్చునేవారు. ఎవరూ కూర్చోవద్దని అనలేదు, ఎవరూ కూర్చోమనీ అనలేదు.

మరిదికి మగ్గం మీద మనసు నిలిచేది కాదు. బెంగళూరుకు పోయి ఎవరి దగ్గరో ఒక పాత గిటారు పట్టుకొచ్చాడు, దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని తీగల మీద ఇనుప కడ్డీ జారిస్తూ వాయించేవాడు. ఆయన మగ్గం ఏడాదిపాటు బూజు పట్టి ఉంటే నేను నా భర్తను బతిమాలి, అత్త సణుగుడు భరించి, ఆ మగ్గం మీద కూర్చున్నాను. ఉల్లిపొర రంగు చీర, ఆకుపచ్చ అంచు. మాకు పట్టు ఇచ్చే సావుకారు, ఈ చీర బాగా దిగితే నా పేరు మీదే పడుగు ఇస్తానని మాట ఇచ్చాడు. నా పేరు మీద పడుగు! జన్మంతా కండెలు చుట్టడం తప్పించి ఇంకేమీ రాదనుకున్న దానికి ఆ మాట ఎలా ఉంటుందో మీలో ఆడవాళ్లకు తెలుస్తుంది. రోజుకు జానెడు నేసినా చాలు, పొద్దున లేవగానే నిన్న నేసిన మేర చూసుకోవడం నాకు పండగగా ఉండేది.

ఆ ఏడూ వాన పడలేదు. చెనక్కాయ చేలు పెళ్లలు తేలి, గాలిలో తడి అన్నదే లేక పట్టు పోగులు ముట్టుకుంటే తెగేవి, గిటారు చెక్క కూడా ఒకచోట చిట్లింది. ఇంట్లో చల్లగా ఉండే చోటు గుంత ఒక్కటే కాబట్టి మరిది గిటారును తెచ్చి నా గుంతలో ఒక మూల నిలబెట్టేవాడు, ఆ వంకతో పక్కనే చతికిలబడేవాడు. ఆయన బాధ ఏమిటంటే, కడ్డీ జారిస్తే అన్ని తీగలూ కలిసి పైకి పోతాయి, కలిసి కిందికి వస్తాయి, ఒక్క తీగ గమకం తీస్తుంటే మిగతావి నిలబడి ఉండాలంటే కుదరదు. ఒకరోజు నేను నేస్తుంటే చానాసేపు నా కాళ్ల వైపే చూసి, ఉన్నట్టుండి అన్నాడు.

"వదినా, ఆ కాలు ఇంగోసారి తొక్కు."

తొక్కాను. సగం దారాలు లేచాయి, సగం నిలిచాయి. ఇంకోసారి తొక్కమన్నాడు. నేను పిచ్చిదాన్ని, నా నేత చూసి మురుస్తున్నాడనుకుని పదిసార్లు తొక్కాను. కరపత్రంలో రాసిన కల అదే. ఆ కలకు రెండు కాళ్లున్నాయి, కాళ్లకు మెట్టెలు కూడా ఉన్నాయి.

తరువాత నెలలో మా చెల్లెలి పెళ్లని పామిడికి పోయి పదిరోజులుండి వచ్చాను. వచ్చేసరికి నా పడుగు కోసేసి ఉంది. సగం నేసిన ఉల్లిపొర చీర చుట్టగా చుట్టి మూలన పెట్టారు, కోసిన పోగులు ముడేసి గోడ కొయ్యకు తగిలించారు, చీర ఉండాల్సిన చోట గుంతకు అడ్డంగా గిటారు పడుకుని ఉంది, దాని తీగల నుంచి తాళ్లు కిందికి దిగి నా తొక్కుడు చెక్కలకు కట్టి ఉన్నాయి. చావు జరిగిన ఇంట్లో కూడా మైల పోయాక అదే పడుగు మీద కూర్చుంటారు గానీ నడిమధ్యలో పడుగు కోయరు. మా అత్త అంతటి మనిషి కూడా ఆ పోగులు చూసి కళ్లొత్తుకుంది. నా భర్త మాత్రం, "వానికి పిచ్చి పట్టిండాది, పోనీలే," అని తన మగ్గం తాను నేసుకున్నాడు. మరిది నా ముందుకొచ్చి నిలబడి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో అలాగే ఉంది.

"నీకు ఇంగో పడుగు దొరుకుతాదిలే వదినా, నాకు ఇది మళ్లా తట్టదు."

నాకు ఇంకో పడుగు దొరకలేదు. ఆడది కూర్చున్న మగ్గం ఇట్లే అవుతుందని సావుకారు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకూ ఆ మాటకూ సావుకారునూ మరిదినీ సమానంగా శపించాను.

ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఆ వాద్యం పాడింది. కుడికాలు తొక్కితే ఒక్క తీగ మెల్లగా పైకెక్కేది, మిగతావి కింద శ్రుతిలా నిలిచేవి, ఎడమకాలు వదిలితే ఇంకొకటి దిగేది, మనిషి గొంతు వణికినట్టు వణికేది. కండెలు చుడుతూ చుడుతూ నా చెయ్యి ఆగిపోయేది, ఆగినందుకు ఆ చెయ్యి మీద నాకు అసహ్యం వేసేది. వీధిలో మగ్గాల వాళ్లు పనులు ఆపి మా గడపలో నిలబడి వినేవారు, నాకు మాత్రం ఎవరైనా మెచ్చుకున్నారంటే ఒళ్లు మండేది.

ఇంతలో బెంగళూరు నుంచి పెద్ద ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన అనంతపురం వస్తున్నాడని, ఒక హాల్లో పగటిపూట అందరినీ విని, ఒక్కరికి తన బృందంలో శాశ్వతంగా చోటు ఇస్తాడని కబురొచ్చింది. మరిది నెలరోజులు గుంతలోంచి లేవలేదు. ఆ చోటు వస్తే తన వాద్యం దేశమంతా తెలుస్తుందని, రాకపోతే ఇక మగ్గమే గతి అని ఆయనకు తెలుసు, మా అందరికీ తెలుసు. పొద్దున్నే వాద్యాన్ని గోనెపట్టాలో చుట్టి, తొక్కుడు చెక్కలు విడిగా కట్టి, బస్సు టాపు మీద వేసుకుని బయల్దేరాం. అత్త బలవంతం మీద నేనూ వెళ్లాను.

హాల్లో ఆయన వంతు వచ్చింది, పేరు పిలిచారు, మరిదీ నా భర్తా వాద్యాన్ని మోసుకుని వేదిక మీదికెక్కి మధ్యలో నిలబడిపోయారు. సిమెంటు వేదిక. గుంత లేదు.

ఇప్పుడు తలచుకుంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఇంట్లో నలుగురం, వీధిలో అంతమంది, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. పుట్టిన దగ్గర నుంచి ప్రతి ఇంట్లోనూ గుంత చూసినవాళ్లం, ఇంటికి గడప ఉన్నట్టే గుంతా ఉంటుందనుకున్నాం. వాద్యాన్ని నేల మీద పెడితే చెక్కలు కింద నలిగిపోతాయి, చేత్తో పట్టుకుంటే కాళ్లకు అందవు. ముందు ఒకరిద్దరు నవ్వారు, తరువాత హాలంతా నవ్వింది. కాళ్లకు గుంత కావాలని మరిది గొణిగితే బెంగళూరాయన గడియారం చూసుకుని, "ఏమప్పా, ఈడ బావి తవ్వల్లా నీకు?" అని అడిగాడు. మరిది ముఖం పాలిపోయి, హాలంతా వెతికి, నన్ను చూశాడు.

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఆయన నన్ను చూసే సరికే నాకు తెలిసిపోయింది. రెండు బెంచీలు ఎదురెదురుగా, మధ్యలో మూరెడు సందు వదిలి వేస్తే చాలు, ఒక బెంచీ మీద కూర్చోవచ్చు, వాద్యాన్ని రెండింటి మీద అడ్డంగా పెట్టవచ్చు, కాళ్లూ చెక్కలూ ఆ సందులోకి దిగుతాయి, అదే గుంత. హాలు నిండా బెంచీలే. నేను కూర్చున్నదీ బెంచీ మీదే, లేచి నిలబడితే ఒకటి ఖాళీ అయ్యేది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. కొయ్యకు వేలాడిన నా ఉల్లిపొర పోగులు కళ్ల ముందు కనబడ్డాయి. చెంగు సర్దుకుని కూర్చున్నాను. తరువాతి వాళ్లను పిలిచారు.

ఆ చోటు ఎవరో హార్మోనియం ఆయనకు పోయింది. మరిది ఏడాదిపాటు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తరువాత ఏదో పని మీద కదిరికి పోయినప్పుడు బస్టాండు హోటల్లో రెండు బెంచీల మధ్య కాళ్లు పెట్టుకుని కాఫీ తాగుతున్నాడట, అప్పుడు తట్టిందట. తిరిగొచ్చి నేరుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"రెండు బెంచీలు ఏసింటే సరిపోయేది కదా వదినా. నీకు ఆ పొద్దే తెల్సునా?"

"తెల్సు."

"మరి చెప్పలేదే?"

"నా పడుగు కోసే ముందర నువ్వు నాకు చెప్పినావా?"

అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. "సరే వదినా," అని ఒక్క మాట అనేసి వెళ్లిపోయాడు. ఆ తరువాత రెండు బెంచీల మీద వాద్యం పెట్టుకుని పెళ్లిళ్లలో, నాటకాలలో వాయించాడు, చుట్టుపక్కల పేరూ వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. ఆ రోజు నవ్విన బెంగళూరాయనే తరువాత ఇనుముతో అలాంటిది చేయించి తన బృందంలో పెట్టుకున్నాడని విన్నాం, అది ఎవరి బుర్రలోంచి వచ్చిందో ఆయన ఎక్కడా చెప్పలేదు. ఎనభైలు ముగియకముందే మరిది జబ్బుపడి ఇంటికొచ్చి, నా చేతి గంజి తాగుతూనే పోయాడు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే వాద్యం కలలో వచ్చిందనేవాడు. నా కాళ్ల గురించి చెప్తే నా పడుగు గురించి చెప్పాలి, నా పడుగు గురించి చెప్తే బెంచీల దాకా రావాలి, అందుకే కల అన్నాడు. తనను కాపాడుకున్నాడో నన్ను కాపాడాడో నాకు తేలలేదు, అది తేలకపోవడం మీద కూడా నాకు కోపమే.

సభలో ఆ వాద్యాన్ని ఎర్ర మఖమలు పరిచిన బల్ల మీద పెట్టారు. తొక్కుడు చెక్కలు కిందికి వేలాడితే అసహ్యంగా ఉంటాయని తాడుతో పైకి కట్టేశారు. ఆ చెక్కలే ఆ మనిషి జీవితమని ఒక్కరికీ తెలియదు. వక్తలందరూ కల గురించే మాట్లాడారు, చివర నా చేతికి మైకు ఇచ్చి రెండు ముక్కలు చెప్పమన్నారు. కరపత్రాన్ని చీల్చి చెండాడాలని ఇంటి దగ్గరే అంతా సిద్ధం చేసుకుని పోయాను. వేదిక వైపు చూశాను. సిమెంటు మీద నున్నటి పలకలు, గుంత లేదు. సిద్ధం చేసుకున్నదంతా పోయి, యాభై ఏళ్లుగా నాలుక చివర కూర్చున్న మాట బయటికొచ్చింది.

"ఈడ గుంత లేదు కదప్పా. రెండు బెంచీలు ఎయ్యండి."

నిర్వాహకులలో ఒక పిల్లవాడు పరుగెత్తుకుంటూ పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. "కూర్చో అవ్వా, కాళ్లు నొప్పులేమో," అన్నాడు ఎంతో మర్యాదగా. నాకు కాదు నాయనా, మా మరిదికి అని చెప్పబోతే జనం చప్పట్లు కొట్టారు.

ఒకప్పుడు ధర్మవరంలో ఏ వీధిలో ఆ మాటన్నా, నేను ముగించే లోపే పదిమంది లేచి బెంచీలు లాగేవారు, ఎందుకని అడిగేవాళ్లు కూడా కాదు. ఇప్పుడు మా ఇంట్లోనే రెండు గుంతలూ పూడ్చి టైల్స్ వేసి మా కొడుకు సోఫా పెట్టాడు. ఆ హాల్లో ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను, కాళ్లతో ఆలోచించే మనిషి ఒక్కరైనా ఉంటారేమోనని. ఎవరూ లేరు. బల్ల మీద మా మరిది వాద్యం కాళ్లు కట్టేసి ఉంది, చెప్పాల్సిన మాట నేను చెప్పాను, దాన్ని అర్థం చేసుకోగలిగిన ఒక్క మనిషినీ అప్పుడెప్పుడో నేనే నోరు మూసుకుని కూర్చుని పోగొట్టుకున్నాను.

అందరూ చూస్తున్నారు. కుర్చీలో కూర్చున్నాను.