తెల్లపొడి పట్టిన సెన్సారు

నరసాపురంలో మెకానిక్ జీవరాజుకి పాతికేళ్లపాటు తిరుగులేదు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేసేవాడు. అలాంటివాడు 2006 వచ్చేసరికి షెడ్డులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. బళ్లలోకి కంప్యూటర్లు వచ్చేశాయి కదండీ మరి! "ఈయనకి కార్బొరేటరు తప్ప ఏం తెలుసు?" అని జనం మొహం మీదే అనేవారు. పాపం, ఏడాదిగా ఆ కంప్యూటరు బళ్ల మీది ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని కుస్తీ పడుతున్నాడని వాళ్లకేం తెలుసు!

చివరికి రొయ్యల చెరువుల సాంబశివరాజుగారు జాలిపడి, "సోమవారం నుంచి మా చెరువుల దగ్గర వాచ్‌మన్‌గా వచ్చెయ్యి, జీవరాజూ" అన్నారు. మంచికే అన్నారు గానీ, ఆ పూట జీవరాజు కంచం పక్కకి నెట్టేశాడు. భార్య సంపూర్ణమ్మ లేసు అల్లుతూ, "అయితే స్పానర్లు అమ్మేస్తారా?" అని ఒక్కటే మాట అడిగింది.

శనివారం పొద్దున్న ఆ రాజుగారి పాత కారే నల్లపొగ కక్కుకుంటూ వచ్చి, సరిగ్గా షెడ్డు ముందు ఆగిపోయింది.

"నెల కిందటే ఆక్సిజన్ సెన్సారు కొత్తది వేయించానయ్యా. మళ్లీ స్టీరింగు ముందు అదే ఎర్రలైటు, అదే పొగ! ఇప్పుడేమో షోరూమువాళ్లు కంప్యూటరు పెట్టె మార్చాలంటున్నారు. అమ్మి పారేస్తా!" అన్నారు రాజుగారు దిగుతూ.

"ఒక్క పూట నాకు వదిలెయ్యండి," అన్నాడు జీవరాజు.

పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, పెట్రోలు పెంచాలో తగ్గించాలో ఇంజనుకి కబురు పెట్టేదే ఆ సెన్సారు. చర్చిలో మైకులు బాగుచేసేవాళ్ల కరెంటు మీటరు అడిగి తెచ్చి దాని వైర్లకి తగిలించాడు. అంకెలు పైకీ కిందకీ ఆడాలి. ఆడలేదు. ఇంజనులోకి గాలి ఎక్కువ వెళ్లేలా గాలిగొట్టం ఊడపీకి చూసినా కదల్లేదు. రింగు స్పానరుని వైరు దూరేలా కోసుకుని, చెయ్యి కాల్చుకుంటూ సెన్సారు విప్పాడు. మసి పట్టి ఉండాల్సిన కొన, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది!

"ఓరి నాయనో!" అంటూ, పుస్తకంలో చదివింది గుర్తొచ్చి బానెట్ కిందకి దూరి, ఇంజను పైమూత అంచుని గోటితో గీకాడు. మెత్తటి గమ్ము ఊడొచ్చింది. "ఇది ఎవరు పూశారండీ?"

రాజుగారు ఒంగి చూశారు. "ఆయిలు కారుతోందని మా డ్రైవరు అప్పాజీ పూశాడు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి వాడే సిలికాన్ గమ్మేలే. చెరువుల దగ్గర అన్నిటికీ అదేగా! మా బావగారి కారుకీ వాడే పూశాడు."

"దాని ఆవిరి ఇంజన్లో మండి, తెల్లపొడై సెన్సారుని కప్పేసిందండీ. కంప్యూటరు దివ్యంగా ఉంది. ఈ గమ్ము ఉన్నంతకాలం ఎన్ని సెన్సార్లు వేసినా చస్తాయి."

గమ్మంతా గీకేసి, మూత కింద ఆయిలు కారకుండా సరైన గ్యాస్కెట్ వేసి, ఆయిలు మార్చాడు. భీమవరం నుంచి బస్సులో వచ్చిన కొత్త సెన్సారు బిగించి స్టార్ట్ చేశాడు. ఇంజను వేడెక్కగానే మీటర్లో అంకెలు గంతులేశాయి. జీవరాజుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రాజుగారు పెనుగొండ దాకా తోలుకెళ్లి తిరిగొచ్చారు. లైటు వెలగలేదు, పొగ లేదు.

"భలే పట్టావయ్యా!" అంటూ దిగారు. "మరి సోమవారం..."

"సోమవారం ఖాళీ లేదండీ," అన్నాడు జీవరాజు, స్పానర్లు తుడుచుకుంటూ. "మీ బావగారి కారు పంపించండి."