మేడమ్‌గారి బదులు

చిలకలూరిపేటలో మేము అద్దెకుంటున్న ఇంటికి ఎదురుగా ఒక బడి ఉంది. పొద్దున తొమ్మిది కావొస్తుండగా ఆ బడి పంతుళ్లూ పంతులమ్మలూ గేటు లోపల వరసగా నిలబడి, ఎవరి ఫోను వాళ్లు మొహం ముందు పెట్టుకుని కదలకుండా చూస్తుంటారు. కొత్తలో నాకు అర్థం కాలేదు. అందరూ కలిసి జుట్టు సరిచూసుకుంటున్నారేమో అనుకున్నాను. అది హాజరని తర్వాత తెలిసింది. ఫోను మనిషి ముఖాన్ని గుర్తుపడితేనే ఆ రోజు వచ్చినట్టట. మొన్న సోమవారం ఒకావిడకి ఎంతకీ పడలేదు. కళ్లజోడు తీసింది, కొంగుతో మొహం తుడుచుకుంది, ఎండకి తిరిగింది, నీడకి తిరిగింది. చివరికి విసిగిపోయి, "నేనేనే తల్లీ! నిన్నొచ్చిందీ నేనే, ఇవాళొచ్చిందీ నేనే!" అని ఫోన్ని కేకలేసింది. పక్కవాళ్లంతా నవ్వారు. వరండాలో బియ్యం ఏరుకుంటున్న నేనూ నవ్వాను. నవ్వుతూనే చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాను. ఒకప్పుడు నేను నాలుగేళ్లపాటు రోజూ బడికి వెళ్లాను. ఒక్కరోజు కూడా నేను వచ్చినట్టు ఎక్కడా పడలేదు.

అప్పట్లో మేము అద్దంకి వైపు మా అత్తగారి ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన పేటలో స్పిన్నింగు మిల్లుకి షిఫ్టుల మీద వెళ్లొచ్చేవాడు. మా నాన్న పోయాక అమ్మ కూడా నా దగ్గరికే వచ్చేసింది. అమ్మ బతుకంతా మిరపతోటల్లోనే గడిచింది. కోతలప్పుడు కోతకి, కోతలయ్యాక కల్లంలో కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరడానికి. సాయంత్రం ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకున్నా చేతుల మంట తగ్గేది కాదు. ఆ చేతులతో నా చిన్నప్పుడు ఒక్కసారి కూడా నా మొహం ముట్టుకోలేదు, నా కళ్లు మండుతాయని. "నేను పడ్డ మంట చాలు, నువ్వు కాయ ముట్టుకోవద్దు" అని నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. ప్రభుత్వ ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాశాను, రెండుసార్లూ గడప దాకా వెళ్లి ఆగిపోయాను. ఇంతలో పెళ్లి, పిల్ల. ట్రైనింగు సర్టిఫికెట్టు ప్లాస్టిక్ సంచీలో చుట్టి పెళ్లి చీర కింద పెట్టాను.

ఒకరోజు మా ఊరి బడి హెడ్‌మాస్టరు మా ఇంటికొచ్చాడు. ఊరంతా ఆయన్ని పెద్దమాస్టారు అనేవాళ్లు. మంచి మనిషే, అంటే ఎవరితోనూ మాట పడకుండా ఉండాలనుకునే మనిషి. ఆ బడికి ఆయన కాక ఇంకొక టీచరు ఉంది, మేడమ్‌గారు. ఆవిడ కాపురం గుంటూరులో. రోజూ రెండు బస్సులు మారి రావాలి. నడుము నొప్పి, ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు. ఆవిడ వారానికొకసారి వచ్చి వారం సంతకాలన్నీ చేసి వెళ్తుంది, మిగతా రోజులు నేను వెళ్లి పిల్లలకి చదువు చెప్పాలి, ఆవిడ తన జీతంలోంచి నాకింత ఇస్తుంది. ఇదీ ఆయన తెచ్చిన మాట. "ఇంట్లో కూర్చుంటే వచ్చిన చదువు కూడా మర్చిపోతావమ్మా. పిల్లలకి మంచి జరుగుతుంది, నీకూ అనుభవం" అన్నాడు. తప్పని నాకు తెలియక కాదు. కానీ సుద్దముక్క పట్టుకోవాలని ఎంత ఆశగా ఉందంటే, ఆయన టీ తాగేలోపే ఒప్పేసుకున్నాను.

అమ్మకి మాత్రం నిజం చెప్పలేదు. "గవర్నమెంటు బడే, ఇంకా పర్మినెంటు కాలేదు" అన్నాను. అమ్మకి అందులో మొదటి ముక్కే వినపడింది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, తన కూతురు టీచరైందని సాక్ష్యం చెప్పి, పాస్టరుగారి చేత కృతజ్ఞతా ప్రార్థన చేయించింది. నాకొక గొడుగు కొనిచ్చింది. టీచర్లకి గొడుగుండాలని ఆవిడకెవరు చెప్పారో తెలియదు. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "మా టీచరమ్మ" అనడం మొదలుపెట్టింది. "మా టీచరమ్మకి మజ్జిగ పొయ్యాలి", "మా టీచరమ్మ నిద్రపోతంది, రేడియో ఆపండి". మా ఆయన నవ్వుకునేవాడు. నేను నవ్వలేకపోయేదాన్ని. అమ్మ లెక్కలో ఆ బడికి ముగ్గురు టీచర్లు. రికార్డుల్లో ఇద్దరే.

చదువు మాత్రం ఒళ్లు దాచుకోకుండా చెప్పాను. ఈ మాట నేనే చెప్పుకోవాలి, చెప్పడానికి ఇంకెవరూ లేరు. మూడో తరగతికొచ్చినా ఒత్తులు రాని పిల్లలకి ఇసకలో వేలు పట్టి దిద్దించాను. కోతల రోజుల్లో తల్లులతో పాటు తోటలకెళ్లిపోయే పిల్లల్ని గట్ల మీద తిరిగి వెతికి తెచ్చుకున్నాను. మా అమ్మాయి కూడా ఆ బడిలోనే. బడిలో నన్ను మమ్మీ అనకూడదని, టీచర్ అనాలని చెప్పాను. మొదట్లో మర్చిపోయి "మమ్మీ, లెక్కైపోయింది" అనేది, క్లాసంతా గొల్లున నవ్వేది. తర్వాత ఎంత అలవాటైందంటే ఇంట్లో కూడా "టీచర్, ఆకలేస్తోంది" అనేది. పోద్ది, వస్తది అనకుండా వెళ్తుంది, వస్తుంది అనడం నేర్పాను. అందరి పిల్లలకీ నేర్పాను కానీ, మా అమ్మాయికి బాగా పట్టుబడింది.

ఇంకొకటి కూడా నేర్పాను. అది పెద్దమాస్టారు నేర్పమన్నది. పై నుంచి ఎవరైనా సార్లొచ్చి మీ టీచరెవరని అడిగితే, మేడమ్‌గారని చెప్పాలి. ఎక్కాలు చెప్పించినట్టే రోజూ ఒకసారి అందరి చేతా చెప్పించేదాన్ని. పెద్దమాస్టారే చెప్పిస్తే ఆయన్ని తిట్టుకునేదాన్నేమో. ఆ పిల్లలకి అబద్ధం నేర్పింది నా నోరే.

మూడో ఏడు, కాయలు ఎర్రబారి ఊరంతా ఘాటుతో దగ్గుతున్న రోజుల్లో, జిల్లా నుంచి తనిఖీకి ఒక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. మేడమ్‌గారు కారు కట్టించుకుని తెల్లారేసరికి దిగింది. అలాంటి రోజు నేను ఇంట్లో ఉండిపోవాలి. కానీ ఆయన పదకొండు గంటలకొస్తాడని చెప్పారు కదా, పిల్లల్ని కాస్త సిద్ధం చేసి పోదామని వెళ్లాను. తొమ్మిదిన్నరకే జీపు గేటు ముందుంది. బయటికి పోవడానికి ఉన్నది ఆ ఒక్క గేటే. పెద్దమాస్టారు చెమటలు కక్కుతూ, "అమ్మా, వంటగదిలోకి పోమ్మా, అడిగితే వంటకి సాయమొచ్చానని చెప్పు" అన్నాడు. వంటామె నా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా తన పక్కన పీట జరిపి, నా ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టింది. ఆమె చేసిన మేలు అది. ఉల్లిపాయలు తరిగేవాళ్ల కళ్లలో నీళ్లెందుకని ఎవరూ అడగరు.

వంటగదికీ మూడో తరగతికీ మధ్య ఉన్నది పైకప్పు దాకా లేని గోడ. అన్నీ వినపడుతున్నాయి. ఆయన పిల్లల చేత చదివించాడు. ఒక్కొక్కరే లేచి గడగడా చదువుతుంటే, చేతిలో కత్తి పట్టుకుని కూడా నాకు గర్వంగానే ఉంది. ఆయన కూడా సంబరపడ్డట్టున్నాడు. "బాగా చదువుతున్నార్రా! ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

ఒక్కరూ పలకలేదు. రోజూ ఎక్కంలా అప్పజెప్పిన పిల్లలు! అంతమందిలో ఒక్కడికీ నోరు రాలేదు. వాళ్లంతా గోడ వైపు, నా వైపు చూస్తున్నారని తర్వాత విన్నాను. ఇంకొక క్షణం గడిస్తే ఏమయ్యేదో. అంతలో మా అమ్మాయి గొంతు వినపడింది. "మా టీచర్ మేడమ్‌గారేనండి. రోజూ వస్తారండి."

"భేష్! చురుకైన పిల్లవే. మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?"

దీనికి నేను జవాబు నేర్పలేదు. పెద్దమాస్టారూ నేర్పలేదు. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తనే ఆలోచించుకుని చెప్పింది. "మా అమ్మ మిరపకాయల కోతకి వెళ్తుందండి."

పోద్ది అనలేదు. వెళ్తుంది అంది, నేను నేర్పినట్టే.

సాయంత్రం ఇంటికొస్తూ దారిలో నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "బాగా చెప్పానా మమ్మీ?" అని అడిగింది. "బాగా చెప్పావు" అన్నాను. ఇంకేమనను? నన్ను కాపాడింది. ఇల్లు చేరాక ఆగలేదు. అమ్మ అప్పుడే కోత నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని చేతులకి నూనె రాసుకుంటోంది. పిల్ల ఆవిడ ముందు నిలబడి అంతా ఆడి చూపించింది. జీపు, సారు, మేడమ్‌గారు, ఉల్లిపాయలు, కోత, అన్నీ. నేను ఆపలేకపోయాను. ఆపితే ఇంకా అనుమానం వస్తుందని గుమ్మంలోనే నిలబడ్డాను.

అమ్మ మొత్తం విన్నది. పిల్లని లోపలికి పంపింది. చాలాసేపు నూనె రాసుకుంటూనే ఉంది.

"అయితే ఆ బడిలో నీ పేరు లేదా?" అంది.

"లేదమ్మా."

"మూడేళ్ల నుంచి?"

నేను గొడుగు గుమ్మం మూలన పెట్టాను.

"నేను కాయలు కోసినా మేస్త్రీ పుస్తకంలో నా పేరే రాయించుకున్నానే. ఇంకోళ్ల పేరు మీద ఒక్కపూట కొయ్యలా" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నన్ను కోతకి పోనివ్వకూడదని రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషి, నేను కోతకి వెళ్తానన్న మాట మనవరాలి నోట విన్నది. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి విషయం తెలుసుకుని, "పోన్లే, గండం గడిచింది కదా" అన్నాడు. గండం గడిచిన మాట నిజమే.

మర్నాడు బడికి వెళ్లాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వెళ్లాను. మానేస్తానని రాత్రంతా అనుకుని, పొద్దున్నే జడేసుకుని గొడుగు తీసుకుని వెళ్లాను. ఆ వారం మేడమ్‌గారు స్వీటు డబ్బా తెచ్చింది. "మీ అమ్మాయి భలే తెలివిగలదమ్మా, పెద్దయ్యాక పెద్ద ఉద్యోగం చేస్తుంది చూడు" అంది మనస్ఫూర్తిగా. ఆవిడకి నా మీద నిజంగానే అభిమానం. ఆ ఏడు మండలంలో ఉత్తమ ఉపాధ్యాయురాలని ఆవిడకి శాలువా కప్పారు. మా పిల్లల్లో ఇద్దరికి గురుకులంలో సీట్లొచ్చినందుకు. ఆ సభకి పిల్లల్ని ఆటోలో ఎక్కించి తీసుకెళ్లింది నేనే. వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. పిల్లలు కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడితే బాగుండదు కదా.

మరుసటి ఏడు బదిలీల్లో మేడమ్‌గారికి గుంటూరు పక్కకే వచ్చింది. ఆవిడ స్థానంలో వచ్చిన కుర్ర మాస్టారు తన చదువు తనే చెప్పుకునే రకం. రానే వచ్చాడు, సుద్దముక్క తీసుకున్నాడు, మొదలుపెట్టాడు. అతని తప్పేం లేదు. పెద్దమాస్టారు నేల చూపులు చూస్తూ, "ఇక రేపట్నుంచి ఇబ్బంది పడొద్దులేమ్మా" అన్నాడు. రాజీనామా చేయడానికి ఉద్యోగం ఉండాలి, వీడ్కోలు చెప్పడానికి వచ్చినట్టు రుజువుండాలి. రెండూ లేవు కాబట్టి మామూలుగా ఇంటికి వెళ్లిపోయాను. తర్వాత మేము పేటకి మారాం. ఇక్కడ ప్రైవేటు బళ్లలో ఏ టీచరుకి కాన్పు వస్తే ఆవిడ బదులు నాకు పని దొరికేది. ఎన్ని కాన్పులకి పనిచేశానో మంత్రసానికి కూడా అంత లెక్క ఉండదేమో. ఆ తల్లులు తిరిగి రాగానే పిల్లలు నన్ను మర్చిపోయి వాళ్ల దగ్గరికి పరిగెత్తేవాళ్లు. అదీ న్యాయమే.

అమ్మ ఆ సాయంత్రం తర్వాత నన్ను మళ్లీ టీచరమ్మ అనలేదు. పేరు పెట్టే పిలిచింది. చర్చిలో ఎవరైనా "మీ టీచరమ్మ రాలేదేం?" అంటే, "మా అమ్మాయి రాలేదు" అని సరిదిద్దేది. అన్నం పెట్టేది, తల దువ్వేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. ప్రేమ ఏమీ తగ్గలేదు, ఆ ఒక్క మాటే తీసేసుకుంది. ఆఖరి రోజుల్లో గుంటూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మ సెలైను సరిచేస్తూ, "మీ అమ్మాయేం చేస్తుంది మామ్మా?" అని అడిగింది. నేను మంచం పక్కనే ఉన్నాను. అమ్మ ఒక్కసారి ఆ మాట అంటే చాలు, అప్పటికి నేను నిజంగానే ఒక ప్రైవేటు బడిలో నా పేరు మీదే పనిచేస్తున్నాను. అమ్మ నా వంక చూసింది. "నన్ను చూసుకుంటంది" అంది. అదే మంచి జవాబని అందరూ అన్నారు.

మా అమ్మాయి ఇప్పుడు గుంటూరులో ఒక ల్యాబులో పనిచేస్తోంది. దాని మెడలో వేలాడే కార్డు మీద దాని ఫోటో, దాని పేరు ఉంటాయి. ఇన్నేళ్లలో ఆ తనిఖీ రోజు గురించి దాన్ని నేనెప్పుడూ అడగలేదు. దాని మనసులో ఎలా ఉండిపోయిందోనని భయం. మొన్న ఆదివారం ఇంటికొచ్చినప్పుడు, ఎదురు బడి ఫోన్ల హాజరు మాట వచ్చి, ధైర్యం చేసి అడిగాను. అది అన్నం కలుపుతూ ఆలోచించింది.

"తనిఖీనా? నేనలా చెప్పానా? ఏమో మమ్మీ, గుర్తులేదు. ఒకరోజు జీపొచ్చిందని మాకు తలా రెండు గుడ్లు పెట్టారు. అదే అనుకుంటా" అంది. "ఎందుకు, ఏమైంది ఆ రోజు?"

ఏమీ కాలేదన్నాను. ఇంకాస్త పప్పు వడ్డించాను. కాలం అందరికీ ఒకేలా గడుస్తుందంటారు కానీ, నేను నమ్మను. ఆ రోజు నా కూతురికి రానే లేదు, మా అమ్మకి ఆఖరి దాకా పోలేదు, నాకు ఎప్పుడు అయిపోతుందో తెలియదు.