పిన్ని పెట్టని సంతకం

మా పిన్ని పనిచేసే గదిలో గోరువెచ్చని నీళ్ల తొట్టి ఒకటి ఉంటుంది. కాళ్లలో రక్తనాళాలు పూడుకుపోయినవాళ్లకు లోపల అమర్చే స్టెంట్లు ప్రతి సరుకు నుంచీ పది చొప్పున ఆ తొట్టిలో మునిగి తేలాల్సిందే. నికెలు, టైటానియం కలిసిన లోహంతో చేసిన సన్నటి జాలీ గొట్టాలవి. కొలిమిలో ఇచ్చిన ఆకారాన్ని మరిచిపోవు. చల్లగా ఉన్నప్పుడు అగ్గిపుల్లంత సన్నగా నొక్కేసినా, ఒంటి వేడి తగలగానే తిరిగి విచ్చుకుంటాయి. పదింట్లో ఒక్కటి మొరాయించినా పిన్ని మొత్తం సరుకును ఆపేస్తుంది. మేనేజరుకు కూడా ఆమె అంటే హడలే. పక్క బల్ల దగ్గర పనిచేస్తాను కాబట్టి, అక్క కూతురినన్న కనికరం కూడా లేకుండా నాకు రోజూ చివాట్లే.

ఆ మధ్య బాబాయి కాలు నల్లబడింది. వెంటనే స్టెంటు వెయ్యాలన్నాడు డాక్టరు. ఆయనకు సరిపోయే సైజు ఆస్పత్రిలో అయిపోయింది. కొత్త సరుకు మా దగ్గరే ఉంది. పిన్ని సంతకం పెడితే శుద్ధి చేసి మర్నాటికల్లా పంపేస్తారు.

పదింటిని ముంచింది. మూడు సగమే విచ్చుకున్నాయి. చల్లబరిచి, నొక్కి, మళ్లీ ముంచింది. అవే మూడు.

"పిన్నీ, మిగతా ఏడూ బాగానే ఉన్నాయిగా! ఒక్క సంతకం పెట్టెయ్యవే, నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాను.

"ఇవాళ విచ్చుకున్నది రేపు ఆయన కాల్లో ఏం చేస్తుందో నువ్వు చెప్తావుటే? నోర్మూసుకుని పని చూసుకో."

సరుకు ఆపేసింది. ఇంకో చోటి నుంచి స్టెంటు వచ్చేసరికి నాలుగు రోజులైంది. అప్పటికే బాబాయికి మోకాలి కింద కాలు తీసేశారు.

ప్రతి సోమవారం తొట్టిలోని థర్మామీటరును పెట్టెలో దాచిన రెండోదానితో సరిచూడడం పిన్ని ఏళ్ల తరబడి తప్పకుండా చేస్తున్న పని. బాబాయిని ఆస్పత్రిలో చేర్పించిన సోమవారం మాత్రం పరుగున వచ్చి నేరుగా పనిలో కూర్చుంది. వారం తర్వాత చూస్తే తొట్టిలోది మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. అంటే ఆ రోజు నీళ్లే చల్లగా ఉన్నాయి. ఆ పదింటినీ సరైన వేడిలో ముంచితే పదికి పదీ విచ్చుకున్నాయి. పిన్ని ఏడవలేదు. జరిగిందంతా కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చింది. ఆ పూటంతా తొట్టి ముందే కూర్చుంది కానీ ఒక్కటీ ముంచలేదు.

చూడడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ బాబాయిది ఒకటే మాట. "మొగుడి కాలు పోతుందని తెలిసి కూడా చెడ్డ సరుకుకి సంతకం పెట్టలేదండీ మా ఆవిడ! ఎంతమందికి ఉంటుందండీ ఆ గుండె?" ఆయన ముఖంలో ఆ గర్వం చూడలేక నేను వంటగదిలోకి తప్పుకుంటాను.

నిన్న కట్టు మారుస్తూ, "ఏవండీ, ఆ సరుకు సంగతి మీకొకటి చెప్పాలి," అంది పిన్ని.

"ఇంకా దాని గురించే కుమిలిపోతున్నావా, పిచ్చిదానా? అదొక్కటి తలుచుకునే నేను రోజూ మంచం దిగుతున్నాను," అన్నాడాయన, ఆమె తల నిమురుతూ.

పిన్ని కట్టు ముడి వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.