ఓడ గదిలో మా అమ్మ వంతు

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు ఫోనులో ఫొటోలు పంపించాడు. మా దీవి బజారులో తను చేయిస్తున్న మన తెలుగువాళ్ళ సంఘం హాలు మరమ్మతు పూర్తయిందట, చెదలు తిన్న పలకలు తీసేసి కొత్త పడాక్ చెక్కలు బిగించారట, తుప్పు పట్టిన రేకులన్నీ మార్చేశారట, నేను రాకపోతే రిబ్బను కత్తిరించరట! పిలుపో బెదిరింపో తెలియలేదుగాని మోకాళ్ళ నొప్పులను తిట్టుకుంటూనే ఆస్టినాబాద్ నుంచి ఆటో ఎక్కాను.

ఆ హాలు కట్టినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆఫీసు గుమాస్తాలు, బడిపంతుళ్ళు, శ్రీకాకుళం ఒడ్డు నుంచి చేపలవేటకు వచ్చి స్థిరపడ్డవాళ్ళు కలిసి, సెలవురోజుల్లో తామే చెక్కలు మోసి, తామే మేకులు కొట్టి నిలబెట్టారు. నాటకాలూ భజనలూ ముందు హాల్లో జరిగేవి. వెనక మాత్రం ఒక పొయ్యి ఉన్న గది ఉండేది, దాన్ని అందరం ఓడ గది అనేవాళ్ళం. విశాఖ నుంచి ఓడ దిగి, ఉండడానికి చోటు దొరకని తెలుగు కుటుంబం ఏదైనా సరే అక్కడే దిగాలి. వాళ్ళకు ఇల్లు దొరికి సొంత పొయ్యి వెలిగేదాకా వండిపెట్టే వంతు, అంతకు ముందు ఓడకు వచ్చినవాళ్ళది. ఆఫీసరమ్మ అయినా, వలలు అల్లే ఆవిడ అయినా వంతు వంతే.

మా నాన్నకు ఈ దీవిలో గుమాస్తాగా ఉద్యోగమై మేము వచ్చినప్పుడు నేను రెండో తరగతి పిల్లని. క్వార్టరు సిద్ధంగా లేదు, వాన ఆగడం లేదు, ఓడలో తిన్నదంతా కక్కేసి అమ్మ నీరసపడి ఉంది. మాకు వండిపెట్టింది చేపలవేట వాళ్ళ ఇంటి ఆవిడ, నేను పిన్ని అనేదాన్ని. ముందు ఓడకే వచ్చినా అప్పటికే సగం తెలుగు, సగం హిందీ మాట్లాడేది, తనకంటే చిన్నదైన మా అమ్మను దీదీ, అంటే అక్కా, అనే పిలిచేది. ఆవిడ ఎంత ఆప్యాయంగా పెట్టినా అమ్మ మనసు కుదుటపడలేదు. క్వార్టరు వచ్చాక కూడా పెట్టె సర్దినది సర్దినట్టే ఉంచి, వచ్చే ఓడకు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతానని ఒకటే పట్టు. నాన్న ఎంతో చెప్పి చూసి, చివరికి టికెట్లు తెచ్చాడు. నాన్న లేకుండా అమ్మమ్మ ఊళ్ళో ఎలా ఉంటామా అని నాకు బెంగ పట్టుకుంది.

ఆ ఓడ రానే వచ్చింది. దానిలోంచి ఒక పంతులుగారు, కొత్తగా కాపురానికి వచ్చిన ఆయన భార్య దిగారు. ఓడ తిరిగి బయలుదేరేలోపు వంతు తప్పించుకోవడం మర్యాద కాదని అమ్మ గొణుక్కుంటూనే వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ పెళ్ళికూతురు అన్నం ముట్టదు. ఒకటే ఏడుపు, ఇదే ఓడకు ఇంటికి పోతానంటుంది. రెండు రోజులు బుజ్జగించి బుజ్జగించి మా అమ్మకు ఒళ్ళు మండింది. "చాల్లే ఊరుకో! మొగుణ్ణి ఈ వానలో ఒంటరిగా వదిలేసి పోతావా? నాలుగు రోజులుంటే నీకే అలవాటవుతుంది, ముందు ఈ ముద్ద తిను" అని కసిరింది.

గుమ్మంలో చేపలు బాగుచేస్తున్న పిన్ని కత్తి కింద పెట్టేసి పగలబడి నవ్వింది. "అరే దీదీ, టికెట్టు కొనుక్కున్నాది నువ్వేటి, ఆ పిల్లేటి?"

వరండాలో ఉన్న నాన్న అంతా విన్నాడు. అమ్మ ముఖం ఎర్రబడింది, ఏడుస్తుందేమో అనుకున్నాను, కాని తనూ నవ్వేసింది. ఆ పిల్ల కూడా ఏమీ అర్థం కాకపోయినా నవ్వి, ముద్ద నోట్లో పెట్టుకుంది. ఓడ మా అందరినీ ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నాన్న జిలేబీలు తెచ్చాడు. ఆ జిలేబీల రుచి చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను.

ఇంతకీ మొన్నటి సంగతి. హాలు నిజంగా కన్నులపండువగా ఉంది, చెక్కల మీద పాలిష్ చేతికి నున్నగా తగులుతోంది, మా వాడి పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. ఓడ గదిని ఏ.సి. ఆఫీసు చేశారు, పొయ్యి ఉన్న మూల తెల్లటి టైల్స్ వేశారు. అదేం పని అని అడగబోయి, నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు అందరూ విమానంలో దిగుతున్నారు, హోటల్లో ఉంటున్నారు, ఫోనులో ఇల్లు చూసుకుంటున్నారు, వాళ్ళకు మన పొయ్యి ఎందుకు?

భోజనాలప్పుడు నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. భర్తకు బదిలీ అయి వచ్చారట, బ్రూక్షాబాద్‌లో ఉంటున్నారట. ఎలా ఉందమ్మా ఈ ఊరు అంటే, వచ్చే వారం పుట్టింటికి వెళ్ళిపోతున్నానండీ, మళ్ళీ రానేమో అంది ప్లేటులోకి చూస్తూ. మా అమ్మలాగే కసరుదామని మాట నోటిదాకా వచ్చింది. కాని ఆ పిల్లకు ఒక్కపూట అన్నం పెట్టినదాన్ని కాదు, ఏ హక్కుతో కసిరేది? వెళ్ళిపోదామనుకునేవాళ్ళను ఆపడానికి ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరి వంతూ లేదు.