కట్టని స్టేడియానికైన ఖర్చులు

పాప నిద్రపోయాక గానీ నాకు రాసుకోవడానికి వీలు కాదు. రాస్తూ రాస్తూ లేచి దాని మెడ కింద చెయ్యి పెట్టి చూస్తుంటాను. ఒళ్ళు వెచ్చగానే అనిపిస్తుంది. "నీ చెయ్యి సల్లగా ఉండాదిలే, పాపకేం కాలేదు" అని మా ఆయన అటు తిరిగి పడుకుంటాడు.

ఒకప్పుడు నేను ఇంత భయస్తురాలిని కాదు. కర్నూలులో చదువుకునే రోజుల్లో కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌ని. గ్రౌండంటే గట్టి నేల, గులకరాళ్ళు. పక్కకు దూకితే మోచెయ్యి చీరుకుపోయేది. బట్టలు మార్చుకోవడానికి గది లేదు. ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే మిగతావాళ్ళం ఆ చాటున మార్చుకునేవాళ్ళం. గాలి లేచిందంటే దుప్పటి పట్టుకున్నవాళ్ళకే నవ్వు ఆగేది కాదు. అవతలి జట్టు పిల్ల బంతితో నేరుగా నా మీదికి వస్తుంటే నా లోపల అన్నీ సద్దుమణిగిపోయేవి. అంత నిబ్బరం నాకు మళ్ళీ దొరకలేదు.

పెళ్ళయి కడపకు వచ్చాక తెలిసింది, మా మామ ఒక పాత ఫుట్‌బాల్ క్లబ్బుకు కార్యదర్శి అని. స్టేడియం కట్టుకోమని క్లబ్బుకు ప్రభుత్వం మైదుకూరు దారిలో జాగా ఇచ్చింది. పాత ఆటగాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు చందాలు వేసుకున్నారు. ఇంజనీరు గీసిన ప్లాను మామ ఒకరోజు వసారాలో పరిచి, మూలలు ఎగరకుండా చెంబులు పెట్టాడు. నేను అప్పుడు నిండు నెలల మనిషిని. వంగలేక నిలబడే చూశాను.

"మామా, ఆడోళ్ళు బట్టలు యాడ మార్చుకుంటారు?"

"ఆడోళ్ళు ఆడతారా?"

"నేను ఆడలేదా?"

ఆయన తల గోక్కున్నాడు. మరుసటి వారం ప్లాను మళ్ళీ గీయించుకొచ్చాడు. పడమటి వైపు ఆడవాళ్ళకు గది, లోపల అద్దం, రెండు కుళాయిలు. ఇంజనీరు దానికి వేరే డబ్బు పుచ్చుకున్నాడు. కాగితం మీద ఆ గదిని నేను వేలితో ఎన్నిసార్లు తడిమి ఉంటానో.

పాప పుట్టిన కొన్నాళ్ళకే, జాగా ఇచ్చిన ప్రభుత్వ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జాగా వెనక్కి తీసుకుంటున్నారట, అక్కడ గోదాములు కడతారట. మామ కోర్టుకు పోయాడు. వాయిదాల మీద వాయిదాలు. చివరికి మొన్న ఎండాకాలంలో ఆఫీసువాళ్ళే పిలిచి రాజీ మాట చెప్పారు. కేసు ఎత్తేసుకుంటే ఇప్పటిదాకా అయిన కోర్టు ఖర్చులు, ప్లాను ఖర్చులు ఇచ్చేస్తారు, బిల్లులు తెచ్చుకోండి అని. మామ అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. బజారులో కనబడితే చాలు, చందాలిచ్చినవాళ్ళు డబ్బు సంగతి అడుగుతున్నారు. సరేనన్నాడు. చదువుకున్నదాన్ని కాబట్టి అర్జీ నన్ను రాయమన్నాడు.

ఇంజనీరు బిల్లులు ఉన్నాయి. లాయరువి ఒక్కటీ లేవు. ఆ లాయరు, మామ ఒకప్పుడు ఒకే జట్టులో ఆడారు. కలిసి ఆడినవాడికి ఫీజని చేతిలో డబ్బు పెడితే అవమానమని, మామ ప్రతిసారీ పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపండ్లు పెట్టి, నోట్లు ఆకుల కింద ఉంచి ఇచ్చేవాడు. ఆయనా లెక్కపెట్టకుండా లోపలికి పంపేవాడు.

"ఒక రసీదన్నా అడగాల్సింది గదా నాయనా" అన్నాడు మా ఆయన.

"తాంబూలానికి రసీదు అడుగుతారా యాడన్నా?"

"మరి ఆఫీసోళ్ళకు ఏం చూపిస్తావు, వక్కలా?"

మామ లేచి బయటికి పోయాడు. స్నేహితుడిని బిల్లు అడగడం ఆయన వల్ల కాదు. నేనే పాపను చంకనేసుకుని లాయరు గారింటికి వెళ్ళాను.

"ఏమ్మా, మీ మామకు కాళ్ళు ల్యావా, నిన్ను పంపినాడు?"

"కాళ్ళుండాయి సార్. అడిగేకి మొగమే లేదంట."

ఆయన పకపకా నవ్వాడు. "ఆటలోనూ వాడంతే. బంతి ఇయ్యమని నోరు తెరిచి అడగడు. నిలబడి చూస్తాంటాడు." కాగితం తీసుకుని, బిల్లు రాయబోతూ ఆగాడు. "కేసు ఎత్తేస్తారా అయితే?"

"ఎత్తేస్తామంట సార్."

"అంట సంగతి పక్కన పెట్టు. నువ్వేమంటావు?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. పాప ఆయన పెన్ను కోసం చెయ్యి చాస్తోంది. "ఆ జాగా పోగూడదు సార్" అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. "కోర్టు ఖర్చులు ముట్టినాయని సంతకం పెడితే కేసు ముగిసినట్టే. ప్లాను సంగతి అట్ల కాదు. వాళ్ళు జాగా ఇస్తేనే గదా గీపిచ్చినారు, కేసు ఎత్తేయకున్నా అది వాళ్ళు ఇయ్యాల్సిందే. ఆ ఖర్చొకటే అడగండి. డబ్బు తీసుకుంటే ప్లాను షీట్లు వాళ్ళకిచ్చేయాల్సొస్తాది. పోనీ. ప్లాను ఇంకోటి గీపిచ్చుకోవచ్చు. జాగా యాడ తెస్తారు?"

"మరి మీకిచ్చిన దుడ్లు?"

"తాంబూలం ఎప్పుడో నమిలేసినా తల్లీ. ఇప్పుడు ఫీజని రాయమంటే నాకూ సిగ్గే."

ఇంటికొచ్చి మామతో అంతా చెప్పాను. ఆయన చందాల పుస్తకం తీసి ముందు పెట్టుకున్నాడు.

"చందాలోళ్ళకు ఏం చెప్పేది?"

"వచ్చినకాడికి పంచుదాం మామా. మిగతాది కోర్టులో ఉండాదని చెబుదాం."

"తిట్లు తినేది నేను గదా."

"నేనూ పక్కన నిలబడతా."

"ఊరికే నిలబడితే కాదు" అన్నాడు. "గోలు దగ్గర నిలబడినట్టు నిలబడాల."

అర్జీలో ప్లాను ఖర్చులు మాత్రమే రాశాను, కేసు ఎత్తేసుకుంటామని రాయలేదు. షీట్లు చుట్టి ఇచ్చేశాం, పడమటి గదితో సహా. డబ్బు వచ్చింది, పంచాం. కొందరు మాట్లాడకుండా తీసుకున్నారు. "ఏమప్పా, స్టేడియంలో నా వాటా ఇంతేనా, ఒక మెట్టన్నా రాదా?" అని ఒకాయన మామ మొహం మీదే అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ మా గడప తొక్కరు.

కేసు నడుస్తోంది. మామ కోర్టుకు పోయిన రోజు వంటింట్లో ఉన్నా నా చెవి గేటు దగ్గరే ఉంటుంది. ఆయన చెప్పులు విడుస్తూ "వాయిదా" అంటాడు. ఇంట్లో అందరికీ ఆ మాట విసుగు. నాకు మాత్రం ఊపిరి వచ్చినట్టుంటుంది. వాయిదా పడిందంటే జాగా ఇంకా పోలేదు.

ఆదివారాలు మైదుకూరు దారిలో బండి ఆపమంటాను. అక్కడ కంపచెట్లు తప్ప ఏమీ లేవు. పాపకు ముల్లు గుచ్చుకుంటుందేమోనని కిందికి దించను. ఎత్తుకునే నిలబడి చూస్తాను, మా ఆయన హారన్ కొట్టేదాకా. "రేపు పాప ఆడుతుందిలే ఈడ" అని ఆయన నన్ను ఓదారుస్తాడు. పాప ఆడాలి, నిజమే. తీర్పు వచ్చేసరికి నా మోకాళ్ళు ఎలా ఉంటాయో తెలియదు గానీ, నాకూ ఆడాలని ఉంది.